గగనుడు పడకూడదు

2012 జూన్ 4, సోమవారం. కామారెడ్డి

రాజేశం సార్ పొద్దున్నే స్వీట్ ప్యాకెట్‌తో వచ్చాడు. మా ఆఫీసు విత్తనాల షాపు పైన. కింద పత్తి విత్తనాల కోసం రైతులు చెప్పులు లైన్లో పెట్టి నీడకు పోయారు. ఆ లైను మా మెట్ల దాకా వచ్చింది. వాటిని తొక్కకుండా పైకి రావడానికి సార్‌కు చాలాసేపు పట్టిందట.

గేమ్ పని వచ్చింది. సినిమా గేమ్. సినిమా పేరు గగనుడు. దసరాకు విడుదల, అదే రోజు గేమ్ కూడా రావాలి. కీప్యాడ్ ఫోన్లకు. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఈ పని ఒప్పుకుని, తక్కువలో చేసేవాళ్ళ కోసం వెతికితే సార్ దొరికాడు. మేం ఉన్నది ఇద్దరం. నేను కోడ్ రాస్తాను, హనుమాండ్లు బొమ్మలు వేస్తాడు. ఇంతవరకు ఒక క్విజ్, ఒక క్యారమ్స్ చేశాం. మిగతా కాలమంతా పెళ్ళికార్డులు.

కథ సార్ చెప్పాడు. హీరో కరెంటు లైన్‌మన్. స్తంభం మీద ఉండగా పిడుగు పడుతుంది. చావడు. ఆ కరెంటు ఒంట్లో ఉండిపోయి ఎగరడం వస్తుంది. ఎర్ర డ్రెస్సు, పసుపు బెల్టు. ఎవరికి ఆపద వచ్చినా ఎగిరి పోయి కాపాడతాడు.

హనుమాండ్లు అడిగాడు: "కరెంటు కోత టైముల గూడ ఎగురుతడా సార్?"

సార్ నవ్వలేదు. హీరోగా ఎవరు చేస్తున్నారో చెప్పాడు. నేను తింటున్న స్వీట్‌ను కాగితంలో చుట్టి పక్కన పెట్టాను.

జూన్ 9, శనివారం. ఎల్లారెడ్డి

తమ్ముడు జోయల్‌కు చెప్పాలా వద్దా అని బస్సులో లింగంపేట దాకా ఆలోచించాను. ఇంటికి రాగానే చెప్పేశాను.

తమ్ముడు పడి రెండేళ్ళయింది. ఇదే హీరో సినిమా విడుదల రోజు, కామారెడ్డిలో థియేటర్ ముందు, కటౌట్ మెడలో దండ వేయడానికి కట్టెల మీదుగా ఎక్కాడు. దండ వేశాడు. పాల ప్యాకెట్ పళ్ళతో చింపి పైనుంచి పోస్తున్నప్పుడు కాలు జారింది. పాలతో తడిసిన కట్టె. అప్పటి నుంచి నడుము కింద స్పర్శ లేదు. కిటికీ పక్కన మంచం, చేతిలో ఫోను. దిండు కింద ఇప్పటికీ ఆ హీరో ఫొటో ఉంటుంది. దుప్పటి మార్చేటప్పుడు అమ్మ దాన్ని తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతుంది.

నడుము కింద పుండు పడింది. ఆర్.ఎం.పి. మల్లన్న వచ్చి కట్టు మార్చి పోతాడు. ఎప్పుడూ వెల్లకిలా పడుకుంటే పుండు లోపలికి పోతుంది, పిరుదుల మీద కాసేపైనా కూర్చోవాలి, నా మందు కంటే అదే ముఖ్యం అంటాడు. మా బాపు మిల్లులో బియ్యం బస్తాలు మోసే మనిషి. వాడిని ఒక్క చేత్తో లేపి గోడకు ఆనించి కూర్చోబెడతాడు. బాపు అటు పోగానే వాడు కిందికి జారిపోతాడు.

ఫోన్లో కొత్త గేమ్ దొరికితే మాత్రం చేతులు ఊని తనే లేస్తాడు. కానీ ఏ గేమూ రెండు రోజులు నిలవదు. సప్పగున్నదని తీసేస్తాడు.

గగనుడి సంగతి చెప్పగానే మోచేతుల మీద లేచాడు.

"అన్నతోని గేమా? నువ్వు జేస్తున్నవా అక్క?"

డ్రెస్సు ఏ రంగని అడిగాడు. బెల్టు మీద ఏముందని అడిగాడు. అమ్మ బీడీలు చుట్టడం ఆపి మా ఇద్దరినీ చూసింది.

ఈ గేమ్ బాగుండాలి. హైదరాబాద్ వాళ్ళు ఏమనుకున్నా సరే, వీడు తీసేయకుండా ఉండాలి. ఆడినంతసేపు కూర్చుంటాడు.

జూన్ 20, బుధవారం. కామారెడ్డి

ఎగరడంలో ఆట లేదు. 2 నొక్కితే పైకి పోతాడు, 8 నొక్కితే కిందికి వస్తాడు. అంతే. హనుమాండ్లు ఇంకా హీరో బొమ్మ ఇవ్వలేదు. హైదరాబాద్ వాళ్ళు పంపిన ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా కాళ్ళు కనపడవట. అందుకని హీరో జాగాలో ఒక బూడిద రంగు డబ్బా పెట్టుకున్నాను. డబ్బా ఎగురుతుంది. ఎంతసేపైనా ఎగురుతుంది. నాకే నిద్ర వచ్చింది.

జూన్ 22, శుక్రవారం. మధ్యాహ్నం 2.10

కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూయడం మొదలుపెట్టింది. మానిటర్ ఆరిపోయేటప్పుడు డబ్బా గాలిలో ఉంది.

హనుమాండ్లు మొదటి రోజు అడిగిన మాట. కోత టైములో ఎగురుతాడా?

ఎగరడు. పడతాడు.

జూన్ 27, బుధవారం

నాలుగు రోజులుగా ఇదే పని. డబ్బా ఒంట్లో కరెంటు కొంచెమే ఉంటుంది. ఎగిరిన కొద్దీ తగ్గుతుంది. స్తంభం మీది తీగ పట్టుకుంటే నిండుతుంది. ఒక వీధి నుంచి ఇంకో వీధికి పోతుంటే కోత వస్తుంది, ఆ వీధి తీగల్లో కరెంటు ఉండదు. అప్పుడు లెక్క చూసుకుని వెలుతురున్న వీధికి చేరాలి. చేరకపోతే దబ్బున కింద పడుతుంది. కాసేపు దుమ్ములో ఉండి, 5 నొక్కితే లేస్తుంది. మళ్ళీ నేల మీది నుంచి మొదలు.

పడతానేమోనన్న భయం వచ్చాక ఎగరడం బాగుంది. మధ్యాహ్నం టిఫిన్ తెరవకుండా నేనే ఆడుతూ కూర్చున్నాను. హనుమాండ్లు వెనక నిలబడి, మేడమ్ ఇగ జాలు, ఆ డబ్బకు గూడ ఆకలైతది అన్నాడు.

జూలై 1, ఆదివారం. ఎల్లారెడ్డి

చర్చి నుంచి రాగానే జోయల్ ఫోన్లో గేమ్ ఎక్కించాను. ఇంకా బొమ్మలు రాలేదు, ఉత్త డబ్బాయే, ఆట ఎలా ఉందో చూడమని చెప్పాను.

మొదటిసారి పడ్డప్పుడు ఆరె అన్నాడు. రెండోసారి నవ్వాడు. మూడోసారికి వెలుతురున్న వీధి దాకా పోయి, తీగకు వేలెడు దూరంలో పడ్డాడు.

"ఎట్ల వడ్డదో జూడే అవ్వా, బియ్యం బస్త వడ్డట్టు" అని ఫోను అమ్మ మొహం ముందు పెట్టాడు. అమ్మకు ఏమీ అర్థం కాలేదు. అయినా నవ్వింది.

అన్నం తినేవేళకు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు లేచాడో ఎవరమూ చూడలేదు. సాయంత్రం నేను బస్సుకు బయలుదేరేటప్పటికి కూడా కూర్చునే ఉన్నాడు.

జూలై 3

కరెంటు లేదు.

జూలై 4

లేదు.

జూలై 15, ఆదివారం. ఎల్లారెడ్డి

జోయల్ చెప్పినవి. తీగలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి, చంటిపిల్లలకు పెట్టినట్టు ఉంది. తీగ మీద పిట్టలను కూర్చోబెట్టాలి, పిట్టలుంటే ఆ తీగ పట్టుకోరాదు, అవి లేచిపోయేదాకా గాలిలో ఆగాలి. కోత వచ్చే ముందు దీపాలు ఒకసారి మిణుకుమనాలి, మన ఇంట్లో లాగా. పడ్డప్పుడు కుక్క మొరగాలి.

కుక్క ఎందుకని అడిగాను. ఊళ్ళె ఎవ్వలు వడ్డా ముందుగాల ఒర్రేది కుక్కనే గద అన్నాడు.

వీడి మాటలు రాసుకుంటుంటే నాకు చదువులో ఎవరూ చెప్పని సంగతులు తెలుస్తున్నాయనిపించింది. పిట్టలు మంచి ఆలోచన.

ఆగస్టు 5, ఆదివారం. ఎల్లారెడ్డి

మల్లన్న కట్టు విప్పి అమ్మను పిలిచి చూపించాడు. అంచుల్లో కొత్త చర్మం వచ్చింది, గులాబీ రంగులో. ఏం మందు పెట్టావని అమ్మ అడిగితే, నా మందు కాదు, ఆ ఫోను మందు అన్నాడు.

ఇన్ని రోజులు ఒకే గేమ్ వాడి ఫోన్లో ఉండడం ఇదే మొదలు.

ఆగస్టు 18, శనివారం. కామారెడ్డి

హనుమాండ్లు బొమ్మలన్నీ ఇచ్చాడు. ఇంత మంచిగా వేస్తాడని అనుకోలేదు. ఎర్ర డ్రెస్సు, పసుపు బెల్టు, ఆ హీరో మీసం కూడా గుర్తు పట్టొచ్చు. పడడానికి ఒక బొమ్మ. లేవడానికి నాలుగు: బోర్లా, మోకాళ్ళ మీద, నడుం మీద చెయ్యి, దుమ్ము దులుపుకోవడం. దుమ్ము దులుపుకునే బొమ్మకు రాజేశం సార్ కూడా నవ్వాడు.

కోడ్‌లో ఒక్క లైను మార్చలేదు. డబ్బా తీసి బొమ్మ పెట్టాను. జోయల్‌కు రేపు ఇస్తాను.

ఆగస్టు 19, ఆదివారం. ఎల్లారెడ్డి

గగనుడు లేచాడు, తీగ పట్టుకున్నాడు, పిట్టల కోసం ఆగాడు. జోయల్ ఊపిరి బిగబట్టి ఆడాడు. మొహం వెలిగిపోయింది. మూడో వీధిలో కోత వచ్చింది. గగనుడు పడ్డాడు. కుక్క మొరిగింది.

జోయల్ 5 నొక్కలేదు. ఫోన్‌ను అలాగే చూస్తూ ఉన్నాడు.

"అన్న వడుడేంది?"

అదే ఆటరా అన్నాను. ఇన్ని రోజులు ఆడింది ఇదే కదా అన్నాను. కుక్కను ఎందుకు పెట్టావని అరిచాడు. అన్న మీద కుక్క మొరుగుతుందా అన్నాడు. గేమ్ తీసేసి, ఫోన్ దుప్పటి కింద పెట్టి, గోడ వైపు మొహం తిప్పుకున్నాడు.

అమ్మ ఏమైందని అడిగింది.

ఆగస్టు 23, గురువారం. కామారెడ్డి

అభిమాన సంఘం వాళ్ళు ఆఫీసుకు వచ్చారు. ఏడెనిమిది మంది. మెట్ల కింద చెప్పులు విడిచి వచ్చారు. అధ్యక్షుడు సిద్ధిరాములు మెడికల్ షాపులో పనిచేస్తాడు. జోయల్ పడ్డ రోజు వాడిని ఆటోలో వేసుకుని దవాఖానకు పరుగెత్తింది ఇతనే. చెడ్డవాడు కాదు.

సార్ టీ తెప్పించాడు. గేమ్ చూపించమని మర్యాదగానే అడిగారు. చూపించాను. గగనుడు పడ్డాడు. ఒకతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మేడమ్, మీకు మా అన్నతోని ఏమన్న పగ ఉన్నదా?" అన్నాడు సిద్ధిరాములు.

లేదన్నాను. పడ్డాక లేస్తాడని, లేచి దుమ్ము దులుపుకుని మళ్ళీ ఎగురుతాడని, అప్పుడే ఇంకా మంచిగా ఉంటుందని చెప్పాను.

"లేసుడు తర్వాత సంగతి. ముందుగాల వడుడేంది?"

ఈ గేమ్ సంగతి మీకెలా తెలుసని సార్ అడిగాడు. సిద్ధిరాములు నా వైపు చూశాడు.

"మీ తమ్ముడే ఫోన్ జేసిండు మేడమ్. ఏడ్సిండు."

హైదరాబాద్‌కు కూడా చెప్పామని, ఇంక వాళ్ళే మాట్లాడతారని చెప్పి, టీ గ్లాసులు ట్రేలో సర్ది పెట్టి పోయారు.

వాళ్ళు పోయాక హనుమాండ్లు అన్నాడు: "సినిమాల ఆయన మీద పిడుగు వడ్తె ఊకున్నరు. గేముల కింద వడ్తె ఊకోరట."

ఆగస్టు 24, శుక్రవారం

హైదరాబాద్ కంపెనీ సార్ ఫోన్ చేశాడు. పడకూడదు. కరెంటు అయిపోకూడదు. ఓడిపోయావన్న మాట తెర మీద ఎక్కడా రాకూడదు. ఆయన మీద మొరిగే కుక్క అసలే ఉండకూడదు.

మరి ఆడేవాళ్ళు ఏం చేయాలి సార్ అని అడిగాను.

గెలవాలి అన్నాడు.

ఆగస్టు 26, ఆదివారం. ఎల్లారెడ్డి

కోపంతోనే పోయాను. ఏమేం అనాలో బస్సులో అన్నీ అనుకున్నాను. ఇంటికి పోయేసరికి అమ్మ వాడికి తల దువ్వుతోంది. పెద్దగా మాట్లాడలేకపోయాను.

"డబ్బ వడ్తె నవ్వినవ్ గదరా" అన్నాను.

"డబ్బ డబ్బనే. అన్న అన్ననే."

"మనిషన్నంక వడడా? నువ్వు వడలేదా?"

అమ్మ దువ్వెన ఆగింది. ఆ మాట అనాలని నేను అనుకోలేదు. జోయల్ మాత్రం కోపం తెచ్చుకోలేదు. చిన్న పిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"నేను వడ్డ. అన్న వడొద్దు."

చిక్కుడుకాయ కూర, అన్నం. తిని వచ్చేశాను.

సెప్టెంబరు 2, ఆదివారం. ఎల్లారెడ్డి

పాత డబ్బా గేమ్ మళ్ళీ ఎక్కించి ఇచ్చాను. ఇది సినిమాది కాదు, నీ కోసమే అని చెప్పాను. తీసుకున్నాడు. కూర్చున్నాడు కూడా. ఒక వీధి దాటాడు. కోత వచ్చింది, డబ్బా పడబోతుంటే ఫోన్ నా చేతిలో పెట్టేశాడు.

"వద్దక్క. డబ్బల గూడ అన్ననే కనవడ్తుండు."

సెప్టెంబరు 11, మంగళవారం. కామారెడ్డి

ఇప్పటిదాకా తీసేసినవి రాస్తున్నాను. పడడం. కరెంటు తగ్గడం. అది తగ్గకపోతే తీగలు ఎందుకు, తీగలు కూడా పోయాయి. తీగలు లేకపోతే పిట్టలు ఎక్కడ కూర్చుంటాయి, పిట్టలు పోయాయి. కాపాడాల్సిన మనుషుల దగ్గరకు ఆలస్యంగా పోతే వాళ్ళు దక్కకపోవడం అని ఒకటి పెట్టి పంపాను, హీరో పడనక్కర లేకుండా ఆట ఉంటుందని. గగనుడు ఆలస్యంగా రాడని జవాబు వచ్చింది. రౌడీలను పెట్టాను. రౌడీలు చెయ్యి ఎత్తవచ్చు, ఆ చెయ్యి ఆయనకు తగలకూడదట. హీరో తగిలితే చాలు వాళ్ళే పడిపోవాలి.

"మేడమ్, ఇగ ఫోన్ జేబుల వెట్టుకున్నా గెలుస్తడు" అన్నాడు హనుమాండ్లు.

నిజమేనా అని చూశాను. గేమ్ మొదలుపెట్టి, ఫోన్ బల్ల మీద ఉంచి, ఇద్దరం టీకి పోయాం. వచ్చేసరికి మొదటి లెవెల్ గెలిచి ఉంది. తెర మీద జై గగనుడు అని రంగులు మారుతూ వస్తోంది.

సెప్టెంబరు 13

మబ్బులు వేయించాను. వాన పెట్టాను. కింద ఊరు, చెరువు, బస్సు, బస్సు మీద మేకలు. కనీసం చూడ్డానికైనా బాగుంటుందని. మేకలు వద్దన్నారు.

సెప్టెంబరు 30, ఆదివారం. ఎల్లారెడ్డి

కొత్తది అయిందా అని జోయల్ అడిగాడు. అన్న పడడు కదా అని అడిగాడు. పడడని చెప్పాను. అయితే వచ్చాకే ఆడతానన్నాడు. ఫోన్లో ఇంకే గేమూ లేదు. రోజంతా వెల్లకిలా పడుకుని కిటికీలోంచి చూస్తున్నాడట. మల్లన్న అరిచి పోయాడు. పుండు మళ్ళీ తడి పట్టింది.

అక్టోబరు 9

సినిమా వాయిదా. నవంబరు 23 అంటున్నారు.

నవంబరు 25, ఆదివారం. ఎల్లారెడ్డి

సినిమా మొన్న విడుదలైంది. గేమ్ కూడా వచ్చింది. ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు. ఫోన్ కంపెనీ పేజీలో కింద ఎవరో ఒకాయన, ఇది గేమా రింగ్‌టోనా అని రాశాడు. అది చదివి కోపం రాలేదు. సరిగ్గా రాశాడనిపించింది.

ఇంటికి పోయేసరికి మా కిటికీ ఎదురు గోడకు పెద్ద ఫ్లెక్స్. సిద్ధిరాములు వాళ్ళు నిన్న వచ్చి కట్టి, జోయల్ నోట్లో కేక్ పెట్టి పోయారట. మధ్యలో ఎగురుతున్న హీరో. కింద గుండ్రాల్లో అభిమానుల మొహాలు. అందరికంటే పెద్ద గుండ్రంలో జోయల్. పడకముందు ఫొటో. గళ్ళ అంగీ, నడుం మీద చేతులు, నిలబడి ఉన్నాడు.

గేమ్ ఆడావా అని అడిగాను.

"మంచిగున్నదక్క. అన్న మస్తుగ ఎగురుతుండు" అన్నాడు. నా మొహం చూడకుండా ఇంకోసారి మంచిగున్నది అన్నాడు.

వాకిట్లో బాపు చెప్పాడు. నిన్న ఒక్కసారి జై గగనుడు అనే చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఫోన్ చప్పుడు వినలేదు.

మంచం దగ్గర వాసన వస్తోంది. అమ్మ అగరుబత్తి వెలిగించింది. మా ఇంట్లో ఎప్పుడూ అగరుబత్తి వెలిగించం.

డిసెంబరు 9, ఆదివారం. ఎల్లారెడ్డి

జ్వరం. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. జోయల్ కళ్ళు మూసుకోలేదు, ఫ్లెక్స్ చూస్తూ ఉన్నాడు.

డిసెంబరు 20, గురువారం. నిజామాబాద్

పెద్ద దవాఖాన. కుళ్ళిన కండ కోసి తీశారు. లోపల ఎముక కనపడుతోందని డాక్టరమ్మ చెప్పింది. వేరే చోటి చర్మం తెచ్చి వేయవచ్చు గానీ, ఈ ఒంటికి ఇప్పుడు నిలవదంది. కొంచెం కండ పట్టాక తీసుకురమ్మంది. కండ ఎలా పడుతుందో చెప్పలేదు.

కూర్చోబెడతామని బాపు అన్నాడు. వద్దంది. ఇప్పుడు కూర్చుంటే పుండు ఇంకా చీలుతుంది, బోర్లా పడుకోబెట్టే ఉంచాలి. కూర్చోవడం ముందే చేయాల్సిన పనట.

బాపు చేతులు కట్టుకుని సరే అన్నాడు. ఆటో మాట్లాడటానికి బయటికి పోయి చాలాసేపు రాలేదు.

2013 జనవరి 21, సోమవారం. కామారెడ్డి

గేమ్ పనులు ఇంక లేవు. హైదరాబాద్ వాళ్ళు సార్ ఫోన్ ఎత్తడం లేదు. మాఘమాసం ముహూర్తాలు దగ్గర పడ్డాయి, మళ్ళీ పెళ్ళికార్డులు. ఈ రోజు ఒక కార్డులో పెళ్ళికొడుకు పక్కన ఎగురుతున్న గగనుడిని పెట్టమన్నారు. హనుమాండ్లు పాత బొమ్మే తీసి పెట్టాడు.

జనవరి 27, ఆదివారం. ఎల్లారెడ్డి

బోర్లా పడుకుని ఉన్నాడు. దిండు మీద చెంప, చెయ్యి కిందికి వేలాడుతోంది. నేను పక్కన నేల మీద కూర్చున్నాను. చాలా సన్నబడ్డాడు. మాట్లాడితే ఆయాసం.

పిట్టలున్న గేమ్ ఇంకా ఉన్నదా అని అడిగాడు.

ఉందన్నాను.

"డబ్బ జాగల నన్ను వెట్టరాదు అక్క?"

ఫిబ్రవరి 1, శుక్రవారం. కామారెడ్డి

హనుమాండ్లుకు చెప్పాను. ఫ్లెక్స్ డిజైన్ తనే చేశాడు కాబట్టి ఆ ఫొటో అతని దగ్గరే ఉంది. మధ్యాహ్నం అన్నం తినకుండా కూర్చుని వేశాడు. గళ్ళ అంగీ, లుంగీ. ఎగిరేటప్పుడు లుంగీ ఊగుతుంది.

ఫిబ్రవరి 10, ఆదివారం. ఎల్లారెడ్డి

ఇచ్చాను. తనను చూసుకుని నవ్వాడు. లుంగేంది, ప్యాంటు లేదా అన్నాడు. బోర్లా పడుకునే ఆడాడు, ఫోన్ నేల మీద పెట్టి. తీగ. పిట్టలు. దీపాలు మిణుకుమన్నాయి. పడ్డాడు. కుక్క మొరిగింది. 5 నొక్కాడు. తెర మీది జోయల్ మోకాళ్ళ మీదికి వచ్చాడు, నడుం మీద చెయ్యి వేసుకున్నాడు, లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు.

వాడు ఫోన్ నా వైపు జరిపాడు.

"లేస్తడేంది?"

లేవద్దా అన్నాను.

"లేస్తె సప్పగుంటది. వడ్తె అయిపోవాలె."

ఫిబ్రవరి 14, గురువారం. కామారెడ్డి

లేచే నాలుగు బొమ్మలు తీసేశాను. హనుమాండ్లు చూశాడు. పోయి టీ తెచ్చాడు.

ఫిబ్రవరి 17, ఆదివారం. ఎల్లారెడ్డి

మేం చర్చికి పోయేటప్పుడు జోయల్ మార్చిన గేమ్ మొదలుపెట్టాడు. వచ్చేసరికి కూర్చుని ఉన్నాడు. గోడకు ఆనుకుని, నిటారుగా. కూర్చోవద్దన్న సంగతి ఎవరమూ ఎత్తలేదు. గేమ్‌లో నేను చేసిన ఊరు ఎప్పుడో అయిపోయింది, అవే స్తంభాలు మళ్ళీ వస్తున్నాయి. అమ్మ పుండు కడగడానికి వేడినీళ్ళ గిన్నె పట్టుకుని పక్కన నిలబడింది. నీళ్ళు చల్లారాయి. ఆగమంటున్నాడు. ఇంకా పడలేదు.